డీవీడీని తిట్టే ముందు టీవీ వెనక్కి ఒకసారి చూడండి

పోయిన నెల మా అమ్మ వచ్చి పది రోజులుంది. వచ్చిన రెండో రోజే, "చెల్లి పెళ్లి డీవీడీలు నీ దగ్గర ఉన్నాయిగా, ఒకసారి పెట్టవే" అంది. 2007లో జరిగిన పెళ్లి అది. మా నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఫొటోలు బోలెడున్నాయి కానీ, నాన్న కదులుతూ, ఎవరినో కేకేస్తూ, కండువా సర్దుకుంటూ కనిపించేది ఆ మూడు డిస్కుల్లోనే.

పెట్టాను. కొత్తగా కొన్న నలభై మూడు అంగుళాల టీవీ. కన్యాదానం వచ్చింది. నాన్న మా మరిది కాళ్లు కడుగుతున్నారు. మనిషి అడ్డంగా సాగిపోయి ఉన్నారు. మొహం మైనం పూసినట్టు నున్నగా ఉంది. పంచె అంచు చుట్టూ ఎవరో సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత. అమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "మీ నాన్న ఇంత లావుగా ఉండేవారటే?" అంది. నాన్న జన్మలో యాభై అయిదు కిలోలు దాటలేదండీ.

"అది పాత డీవీడీ అమ్మమ్మా, హెచ్‌డీ టీవీలో అంతే" అన్నాడు మా అబ్బాయి. "ఆ కాలం కెమెరాలు అంతే" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండా. అమ్మ ఇంకేం అనలేదు. "కట్టెయ్యవే" అంది.

ఆ "అంతే" మీదే నా గొడవంతా.

ముందు వాళ్ల మాటలో నిజమెంతో అది ఒప్పుకుంటాను. మన దేశంలో చేసే పెళ్లి డీవీడీలో బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. అంటే 4,14,720. ఫుల్ హెచ్‌డీ టీవీలో 1920 ఇంటూ 1080, అంటే 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. డిస్కులో ఉన్న ఒక్కో చుక్కనీ టీవీ అయిదు చుక్కల మేర పరుచుకోవాలి. లేని వివరం ఎక్కణ్నుంచీ రాదు. హెచ్‌డీలో తీసిన సినిమాలా డీవీడీ కనిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కానీ 2007లో ఇదే డిస్కు మా ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీలో ముచ్చటగానే కనిపించిందే! అప్పుడూ అవే చుక్కలు. చిన్న బొమ్మ కాబట్టి లోపాలు తెలియలేదంటారా, సరే, అది కొంత. నాన్న లావెక్కింది దేనివల్ల? మొహం మైనమైంది దేనివల్ల? అది డిస్కు చేసిన పని కాదు, మనం చేసిన పని.

మర్నాడు మధ్యాహ్నం అందరూ వెళ్లాక స్టూలు వేసుకుని టీవీ వెనక్కి చూశాను. డీవీడీ ప్లేయర్ నుంచి మూడు వైర్లు వచ్చాయి. ఎరుపు, తెలుపు, పసుపు. ఎరుపూ తెలుపూ శబ్దానికి, పసుపు బొమ్మకి. టీవీ బిగించడానికి వచ్చిన అబ్బాయి పాత టీవీకి ఉన్న వైర్లనే తెచ్చి తగిలించి పోయాడు. ఈ పసుపు వైరు సంగతి తెలుసుకుంటే నవ్వొచ్చింది. ప్లేయర్ బొమ్మలోని వెలుగునీ రంగునీ కలిపేసి ఒకే తీగలో పంపుతుంది. అవతల టీవీ వాటిని మళ్లీ విడదీసుకోవాలి. పాలూ నీళ్లూ కలిపి పంపించి, అక్కడ హంస కూర్చుని ఉంటుందిలే అనుకోవడం! ఆ విడదీయడం పూర్తిగా కుదరదు. అందుకే పట్టుచీర జరీ అంచు మీద ఇంద్రధనుస్సులు మెరుస్తాయి, రంగుల అంచుల వెంట చీమలు పాకినట్టు చుక్కలు కదులుతాయి. అంటే డిస్కులో ఉన్న కొద్దిపాటి వివరం కూడా టీవీ దాకా చేరకుండా దారిలోనే పోతోంది.

మా ప్లేయర్‌కి వెనక హెచ్‌డీఎంఐ కంత ఉంది. కొన్ననాటి నుంచీ ఉంది. దుమ్ము పట్టి ఉంది. టీవీకీ ఒకటి ఖాళీగా ఉంది. బజారుకెళ్లి వైరు అడిగితే షాపతను బంగారు పూతదని రెండు వేలది చూపించాడు. వచ్చేది అంకెల రూపంలో ఉన్న బొమ్మ, దూరం మూడు అడుగులు, దానికి బంగారం ఎందుకయ్యా అని రెండు వందలది తెచ్చుకున్నాను. మీ ప్లేయర్‌కి హెచ్‌డీఎంఐ లేకపోతే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కంతలు మూడు పక్కపక్కనే ఉన్నాయేమో చూడండి, టీవీకీ అవి ఉంటే పసుపు కంటే చాలా నయం.

ఇక సాగదీత. దీని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. పాత టీవీ బొమ్మ కొలత 4:3. కొత్త టీవీ 16:9. పెళ్లి వీడియో 4:3లో తీసింది కాబట్టి కొత్త టీవీలో రెండు పక్కలా నల్లగా ఖాళీ ఉంటుంది. అది మనవాళ్లకి గిట్టదు. "అంత డబ్బు పోసి కొన్న టీవీలో పక్కన ఖాళీ ఎందుకు వదలాలి?" అంటారు మావారు. నిండా కనపడాలని లాగేస్తారు. లాగితే ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పు పెరుగుతాడు. జాకెట్టు గుడ్డ వెడల్పు చాలలేదని లాగి కుడతామా? మా ఇంట్లో 'మాయాబజార్' కూడా ఇన్నాళ్లూ అలాగే చూశారు. 1957 నాటి సినిమా, దాదాపు ఆ పాత టీవీ కొలతే. ఘటోత్కచుడు పెళ్లివారి లడ్డూలు లాగించే సీనులో లడ్డూలు కోడిగుడ్లలా ఉంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎస్వీ రంగారావు గారిది ఎలాగూ భారీ విగ్రహం, సరిపెట్టుకోవచ్చు. సావిత్రినీ అలా చేస్తే ఊరుకుంటామా? పోనీ 'జూమ్' అంటారా, అది పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మని కోసేస్తుంది. పెళ్లిలో బాసికాలూ పోయి, పీటలూ పోయి, మధ్యలో నడుములు మిగులుతాయి.

టీవీ రిమోట్‌లో 4:3 పెట్టాను. నాన్న సన్నబడ్డారు.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది, అది సినిమా డిస్కులకి. ప్లేయర్ సెటప్ మెనూలో మీ టీవీ ఏ ఆకారమో అడిగే చోట మాది ఇంకా డబ్బా టీవీ రోజుల 4:3 లెటర్‌బాక్స్ మీదే ఉంది. వెడల్పు తెర కోసం చేసిన డిస్కు పెడితే ప్లేయర్ పాపం పాత టీవీ అనుకుని బొమ్మని కుదించేస్తుంది. 576 వరసల్లో బొమ్మకి మిగిలేవి 432. పావు వంతు చేతులారా పారేసి, మిగిలిన దాన్ని మళ్లీ టీవీలో పెద్దది చేసి, క్లారిటీ లేదని డిస్కుని తిట్టడం! ఒక్కసారి 16:9కి మార్చితే అయిపోయే పని.

మైనం మొహం సంగతి. టీవీ కొన్నప్పటి నుంచీ 'వివిడ్' మీద ఉంది. షోరూములో వంద ట్యూబ్‌లైట్ల మధ్య కళ్లు జిగేల్‌మనిపించడానికి పనికొచ్చేది అది, మన హాల్లోకి కాదు. దాన్ని 'సినిమా'కి మార్చాను. 'షార్ప్‌నెస్' అని ఇంకోటుంది. పేరు చూసి ఎక్కువ పెడితే మంచిదనుకుంటాం. అది వివరం తేదు, ఉన్న అంచుల పక్కన గీత గీస్తుంది. పంచె చుట్టూ సుద్దముక్క గీత దాని నిర్వాకమే. దాదాపు సున్నాకి దించాను. చివరగా 'నాయిస్ రిడక్షన్'. బొమ్మలో పొక్కుల్లాంటివి ఉంటే చెరిపేస్తానంటుంది. మా నాన్న మొహాన చిన్నప్పటి స్ఫోటకం మచ్చలుండేవి. టీవీ వాటినీ మురికి అనుకుని తుడిచేసింది. ఆపేశాను. దగ్గరగా తీసిన షాట్‌లో మచ్చలు మళ్లీ కనిపించాయి. నేను స్టూలు మీదే కూర్చుండిపోయాను కాసేపు.

ఇవన్నీ చెయ్యడానికి నాకు పట్టింది ఒక మధ్యాహ్నం. నేను తెలుగు బీయే. మిక్సీ జారు బిగించుకుంటాను, కుక్కర్ వాల్వు మార్చుకుంటాను, కానీ టీవీ సెట్టింగులు మాత్రం "నువ్వు ముట్టుకోకు, పాడవుతాయి". ముట్టుకోవచ్చన్న వాళ్లు ఏడాదిగా లేచి వెనక్కి చూడలేదు మరి!

హెచ్‌డీలోకి మార్చిస్తామనే షాపులకి కూడా ఒక దణ్ణం. మా వీధి చివర ఒకాయన డిస్కుకి ఎనిమిది వందలన్నాడు. ఏం చేస్తారండీ అని అడిగితే బొమ్మని పెద్దది చేసి మళ్లీ ఫైలుగా కుదించి ఇస్తాడట. పెద్దది చెయ్యడం మీ టీవీ ఊరికే చేస్తోంది. మళ్లీ కుదించడంలో ఇంకొంత పోతుంది. నిజంగా డబ్బు పెట్టాల్సింది ఎక్కడంటే, వీడియో తీసినాయన దగ్గర అసలు క్యాసెట్లు ఉంటే వాటిని కొత్తగా కాపీ చేయించుకోవడానికి. 4.7 జీబీ డిస్కులో మూడేసి గంటలు కుక్కినప్పుడే కొంత నష్టం జరిగింది, క్యాసెట్టులో అది లేదు. మేం వాకబు చేశాం. ఆయన స్టూడియో ఎత్తేశాడు. క్యాసెట్ల మీద వేరే పెళ్లిళ్లు ఎక్కించేశానన్నాడు.

ఒక డిస్కులో మూడు సినిమాలని రోడ్డు పక్క కొన్నవాటికి మాత్రం ఏ వైరూ ఏ మెనూ సాయపడవు. వాటిలో బొమ్మ ముందే గళ్లు గళ్లుగా ఉంది. అమ్మ కుర్చీ మాత్రం రెండడుగులు వెనక్కి జరిపాను. పెద్ద తెరకి మరీ దగ్గర్లో కూర్చుంటే డీవీడీ పలచబడినట్టే ఉంటుంది.

అమ్మ వెళ్లే ముందు రోజు రాత్రి మళ్లీ పెట్టాను. పక్కన నల్లటి ఖాళీ గురించి మావారు ఒకసారి గొణిగారు, ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ రెండు డిస్కులూ చూసింది. "ఆ పంచె నేను తీసుకున్నదే. కట్టుకోనని ఎంత గొడవ చేశారో" అంది.

మూడోది అప్పగింతల దగ్గర ఆగిపోతోంది. గీత పడింది. చెల్లి దగ్గరున్న సెట్టు తెమ్మని ఫోన్ చేశాను. పెళ్లి డిస్కులు కంపెనీలో అచ్చేసినవి కావు, కంప్యూటర్లో రాసినవి, ఏళ్లు గడిస్తే గీత పడకపోయినా చెడతాయి. అందుకని మొదటి రెండింటినీ ఏమీ కన్వర్ట్ చెయ్యకుండా ఉన్నవి ఉన్నట్టు హార్డ్‌డిస్కులోకి ఎక్కించమన్నాను. ఎక్కిస్తున్నది మా అబ్బాయే.