బోర్డు మీది బుడగకు జీతం కోత ఎందుకు?

ఇరవై అయిదు వేల వోల్టుల తీగ క్రింద పనిచేసే సోదరులకు హెచ్చరిక బోర్డు అలంకార వస్తువు కాదు. దేశంలో 25 కిలోవోల్టుల ఏసీ విద్యుదీకరణ తొలుత జరిగిన సెక్షన్లలో జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న రాజ్‌ఖర్‌స్వాన్ ప్రాంతం ఒకటి. అటువంటి చోట బోర్డు పైపొర లేచిపోయి అక్షరాలు మసకబారితే దానిని ముద్రణదోషమని కొట్టివేయడానికి వీలులేదు.

గత వర్షాకాలంలో మేము జంషెడ్‌పూర్ వెళ్ళినపుడు ఒక ముద్రణశాల కార్మికుడు మమ్ములను కలిశాడు. తాతల నాడు శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. పెద్ద బోర్డుల లామినేషనులో బుడగలు వచ్చినందుకు యజమాని అతని రెండు రోజుల జీతం కోశాడు. “రాత్రి ఆర్డరిచ్చి తెల్లవారేసరికి బోర్డు కావాలంటే ఇంకు ఎలా ఆరుతుందండీ?” అని అతడు మమ్మల్ని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు అతడు కాదు.

సాల్వెంట్ ఇంకుతో ముద్రించిన వినైల్‌ను కనీసం ఇరవై నాలుగు గంటలు, వీలైతే నలభై ఎనిమిది గంటలు ఆరనివ్వాలి. అదీ బిగువుగా చుట్టి మూల పెట్టడం కాదు, పరచి గానీ వదులుగా చుట్టి గానీ గాలి తగలనివ్వాలి. పైకి ఆరినట్లు కనబడినా లోపల సాల్వెంట్ మిగిలే ఉంటుంది. దానిమీద ఫిల్ము వేస్తే ఆ ఆవిరి జిగురును మెత్తబరుస్తుంది. బుడగలు పుడతాయి, అంచులు లేస్తాయి. కాగితం ముద్రణకైతే తేమ మరో శత్రువు. వానాకాలపు గాలిలో కాగితం పీల్చుకున్న నీరు వేడి రోలరు క్రింద ఆవిరిగా మారి, బయటపడే దారిలేక పొక్కుగా నిలుస్తుంది.

ఫిల్ము క్రింద సన్నని గాలి చుక్కలు తెల్లగా మెరుస్తుంటే దానిని సిల్వరింగ్ అంటారు. రోలరు ఒత్తిడి తక్కువైనా, రెండు ప్రక్కల సమంగా లేకున్నా అది వస్తుంది. ఫిల్మును అతిగా లాగి అతికిస్తే పని పూర్తయిన నాడు బాగానే ఉంటుంది; తరువాత అది తన కొలతకు ముడుచుకుంటూ అంచులను పైకి లేపుతుంది. పని ఆగినపుడు రోలర్లను ఒకదానిపై ఒకటి నొక్కి ఉంచితే వాటి రబ్బరు అణగి, ఆ మచ్చ ప్రతి బోర్డుమీదా పడుతుంది. వీటిలో కొన్ని పనివాని చేతిలోనివే, మేము కాదనడం లేదు. కాని యంత్రం మరమ్మతు, గదిలో ధూళి, అన్నిటికంటె ముఖ్యంగా సమయం యజమాని చేతిలోనివి.

ఇందులో మన సంఘాల తప్పు కూడ ఉన్నది. మహాసభ రేపనగా ఈ సాయంత్రం బ్యానరు ఆర్డరిచ్చే అలవాటు మాకూ లేకపోలేదు. పైగా ‘తళతళలాడాలి’ అంటాము. దీపాల క్రింద ఆ తళుకే అక్షరాలను మింగివేస్తుంది. స్టేషను ప్లాట్‌ఫారంపై గాని, తపాలా కౌంటరు ఎదుట గాని పెట్టే బోర్డుకు మాట్ ఫిల్మే మేలు. 2022 జూలై 1 నుండి 100 మైక్రాన్లకంటె పలుచని పీవీసీ బ్యానర్లు నిషిద్ధమనే సంగతి కూడ మన కార్యదర్శులు గుర్తుంచుకోవాలి.

నష్టం పేరిట జీతం కోయడానికి హద్దులున్నాయి. కార్మికునికి ప్రత్యేకంగా అప్పగించిన వస్తువై, నష్టం నేరుగా అతని అశ్రద్ధవల్లనే జరిగి ఉండాలి. సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ముందుగా ఇవ్వాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ఈ మాటే చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడ చెబుతున్నది. కనుక రైల్వే, తపాలా కార్యాలయాలు బోర్డులకు ఇచ్చే ఆర్డరులోనే ఆరుదలకు రెండు రోజుల గడువు వ్రాయాలని మేము కోరుతున్నాము. ఆ గడువును తగ్గించిన అధికారి తన సంతకంతో తగ్గించాలి. మన శాఖలు ఈ విషయాన్ని స్థానిక సమావేశాలలో లేవనెత్తాలి.

ఆ సోదరుని రెండు రోజుల జీతం ఇంకను తిరిగి రాలేదు. సంజాయిషీ నోటీసు ప్రతి చూపమని మేము యజమానిని అడిగాము. అసలు నోటీసే ఇవ్వలేదని తేలింది.