శ్రీపురం: ముప్పది ఏండ్ల తరువాత

రాయపూర్‌కు తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరాన, మహానది ఒడ్డున గల సిర్పూరే ఒకనాటి శ్రీపురం, దక్షిణ కోసల రాజధాని. 1993లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేము మిత్రులతో వెళ్ళినప్పుడు అది మధ్యప్రదేశ్‌లోని చిన్న పల్లె. పొదలు మొలచిన ఒక మట్టిదిబ్బపై కూర్చొని పులిహోర పొట్లాలు విప్పాము. జనులు దానిని సురంగ్ టీలా, అనగా సొరంగపు దిబ్బ అనేవారు.

ఇటీవల మరల వెళ్ళగా ఆ దిబ్బ లేదు! 2000 తరువాత జరిపిన తవ్వకాలలో దాని గర్భాన ఎత్తైన వేదికపై ఆలయ సముదాయం బయటపడింది. రాతిమెట్లు అలలవలె క్రుంగి ఉన్నవి. భూకంపమే కారణమని తవ్వినవారి అభిప్రాయం. వృత్తిరీత్యా మా చూపు పునాదివైపే పోయింది. పైబరువెంత? అడుగుమన్ను ఎట్టిది? వెంట వచ్చిన శ్రీమతికి ఈ ప్రశ్నలు రుచించలేదనుకోండి.

అయితే ఏడవ శతాబ్దిలో రాణి వాసట, భర్త హర్షగుప్తుని స్మృత్యర్థం ఇటుకతో కట్టించిన లక్ష్మణాలయం, శిఖరాగ్రం పోయినా, నేటికీ నిలిచి ఉంది. ఇటుకకు ఇటుకకు నడుమ అతుకు వెదకవలసిందే! ఇరువదేళ్ళ ప్రాయంలో ఆ పనితనాన్ని బాగుందని దాటిపోయాము. ఈసారి గంటసేపు కదలలేదు. మన సివిల్ విభాగపు యువ ఇంజనీర్లు దీనిని తప్పక చూడవలెను. వానలు వెలిసిన పిదప వెళ్ళుట మేలు. వేసవిలో ఆ రాళ్ళపై కాలు మోపలేము.