వరుస యనగా ఏ వరుస?

ప్రోగ్రామింగు నేర్చుకొను పిల్లలకు తొలినాళ్ళలోనే ఇచ్చు లెక్క ఒకటున్నది. వరుసలో పేర్చిన పట్టికలో ఒక అంశమును వెదకవలెను. మొదటినుండి ఒక్కొక్కటే చూడనక్కరలేదు. నడిమి దానితో పోల్చి, పనికిరాని సగమును విడిచిపెట్టవచ్చును. 1000 పదములున్నను 10 పోలికలకు మించవు. నిఘంటువు త్రిప్పినవారికి ఇది క్రొత్త విద్య కాదు. (అమరకోశమును మాత్రము ఇట్లు త్రిప్పలేము. అది వర్గముల కూర్పు, అకారాది కాదు.)

నా అభ్యంతరమల్లా ‘వరుసలో పేర్చిన’ అను మాటను విప్పి చెప్పకపోవుటను గూర్చియే. అంకెలైన సరే, తెలుగు మాటలైనచో? మన బడి వర్ణమాలలో ళకారము హకారము తరువాత వచ్చును. యూనికోడులో లకారమును వెన్నంటి, వకారమునకు ముందే కూర్చున్నది.

కల, కవి, కళ: బడి వరుసలో ఈ మూడును సక్రమమే. ఇందులో ‘కళ’ను వెదకుమని యంత్రమునకు చెప్పి చూడుడు. నడిమి మాట ‘కవి’. యూనికోడు సంఖ్యలను బట్టి పోల్చు యంత్రమునకు ‘కళ’ అంతకంటె ముందుది. కనుక కుడి సగమును వదలి ఎడమకు పోవును. అక్కడ ‘కల’ తప్ప మరేమియు లేదు. కంటియెదుట నున్న కళను లేదని తేల్చివేయును! పొరపాటు జరిగినట్లు చిన్న హెచ్చరికయైనను చేయదు.

పేర్చినవాని క్రమమొకటి, పోల్చినవాని క్రమమొకటి అయినది. ఈ లెక్కను తొలిసారి చెప్పునపుడే అంకెలతోపాటు ఈ మూడు మాటలను కూడ పిల్లల చేతికీయవలెనని నా అభిప్రాయము. పదకోశములను యూనికోడులోనికి ఎక్కించు మిత్రులును తమ పట్టిక ఏ వరుసలో నున్నదో ముందుగా చూచుకొందురు గాక. బండి ఱ సంగతియు ఇంతే. బడిలో చిట్టచివర, యూనికోడులో రేఫ ప్రక్కన.