చూసింది నిజమే... కానీ దేన్ని?

అర్ధరాత్రి. రొయ్యల చెరువు గట్టు. టార్చిలైటు వెలుగులో రెండు కళ్లు నిప్పుకణాల్లా మెరిశాయి. ఏదో నీళ్లలోంచి లేచి, ఒక్క దూకున గట్టు దాటి తుప్పల్లోకి పోయింది. తెల్లారేసరికి టీకొట్టు దగ్గర అది 'కుక్కంత' ఉంటుంది. మధ్యాహ్నానికి 'దూడంత' అవుతుంది. సాయంత్రానికి రెండు కాళ్ల మీద నడుస్తుంది!

వింత జంతువుల కబుర్లు ఇలాగే పెరుగుతాయి. మరి మొదట చూసిన కాపలాదారు అబద్ధం చెప్పాడా? చాలాసార్లు లేదు. అతను చూశాడు. చూసిందేమిటన్నదే అసలు ప్రశ్న.

చెక్క పాదాల మహిమ

అమెరికాలో 'బిగ్‌ఫుట్' పేరు మారుమోగింది 1958లో. కాలిఫోర్నియాలోని బ్లఫ్‌క్రీక్ దగ్గర రోడ్డు పనుల చోట పెద్దపెద్ద పాదముద్రలు కనిపించాయి. పత్రికలు రాశాయి, జనం వెతికారు. అక్కడ పని చేయించిన రే వాలెస్ 2002లో చనిపోయాక, ఆయన కుటుంబసభ్యులు చెక్కతో చెక్కిన పాదాల్ని బయటపెట్టారు. అదంతా ఆయన సరదాగా చేసిన పనేనట! అయితే అందరూ వాలెస్‌లు కారు. అమెరికాలో నల్ల ఎలుగుబంట్లు ఎక్కువున్న చోటే బిగ్‌ఫుట్‌ని చూశామనేవాళ్లూ ఎక్కువని 2024లో అచ్చయిన ఓ పరిశోధన తేల్చింది. ఎలుగు వెనక కాళ్ల మీద లేచి నిలబడగలదు. దాని వెనక పాదం గుర్తు మనిషి పాదంలాగే ఉంటుంది.

హిమాలయాల 'యతి' కథా అంతే. యతివని దాచుకున్న ఎముక, చర్మం, వెంట్రుకల్లాంటి తొమ్మిది నమూనాల డీఎన్ఏని 2017లో పరీక్షిస్తే ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది!

మన మడ అడవిలో ఎవరు?

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కొండల్లేవు, ఎలుగుల్లేవు. కానీ రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళితే మడ అడవులున్నాయి. వాటిలో రాత్రిపూట తిరిగే ఘనాపాఠీ ఒకటుంది... బావురుపిల్లి. కొందరు నీటిపిల్లి అంటారు. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. ఒంటినిండా మచ్చలు, నుదుటి మీద చారలు, పొట్టి తోక. పిల్లి జాతే అయినా నీళ్లంటే జంకదు, మునిగి మరీ చేపలు పడుతుంది. చీకట్లో చూస్తే 'పులిపిల్ల' అనకుండా ఎవరుంటారు?

పాదముద్ర చూసినా తికమకే. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, అందుకే ముద్రలో గోరు గుర్తు పడదు. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. దాంతో గోరు గుర్తు పడొచ్చు. 'ఇది పిల్లీ కాదు, కుక్కా కాదు' అన్న మాట అలా పుడుతుంది. దానికితోడు తడి బురదలో అంచులు జారి ముద్ర పెద్దదవుతుంది. ముందు కాలి గుర్తు మీద వెనక కాలు పడితే రెండూ కలిసి ఒకే పొడవాటి పాదంలా కనిపిస్తాయి.

రెండు కాళ్ల మీద నిలబడటమో? నీటికుక్క చుట్టూ చూడాలనుకుంటే నిటారుగా లేస్తుంది. ఇక మెరిసే కళ్లకి కారణం, రాత్రి తిరిగే జంతువుల కంటి వెనక ఉండే అద్దంలాంటి పొర. వెలుగు దాని మీద పడి తిరిగొస్తుంది. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఓ భవనంలో నిటారుగా నిలబడ్డ తెల్లటి పిల్లల్ని చూసి 'గ్రహాంతరవాసులు' అంటూ వీడియో ఊరూరా తిరిగింది. తీరా చూస్తే గుడ్లగూబ పిల్లలు!

భయమే మృగమైతే...

నవ్వుకుని వదిలేద్దామంటే కుదరదు. 2001 మేలో ఢిల్లీని 'కోతిమనిషి' వణికించాడు. ఇనుప గోళ్లన్నారు, హెల్మెట్ అన్నారు. ఆచూకీ చెబితే 50 వేల రూపాయల బహుమతి అని పోలీసులు ప్రకటించారు. వేసవి, కరెంటు కోతలు, మేడల మీద పడకలు. 'అదిగో' అని ఎవరో అరిస్తే చాలు పరుగులు. ఆ కంగారులో మేడల మీంచి, మెట్ల మీంచి పడి ప్రాణాలు పోయాయి. పొట్టిగా ఉన్నాడని ఓ సాధువుని పట్టుకుని కొట్టారు. కోతిమనిషి మాత్రం దొరకలేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలొచ్చాయన్న పుకారు ఫోన్లలో పాకినప్పుడు తెలుగు నేల మీదా అమాయకులు బలయ్యారు.

జంతువుకీ అదే గతి. బావురుపిల్లి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే కనీసం మూడేళ్ల జైలు. చట్టం సంగతి అలా ఉంచినా, చేపల కోసం వచ్చిన జీవిని రాక్షసి అనుకుని కర్రలతో చుట్టుముట్టడం న్యాయమా?

అలాగని చూశామన్నవాళ్లని వెక్కిరించనూ కూడదు. 2022 మే చివర్లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో 'పులి తిరుగుతోంది' అన్నారు. అటవీశాఖ కెమెరాలు పెట్టింది. నిజంగా పెద్దపులే!

మీ ఊళ్లో కనిపిస్తే?

మొదట చూసినవాళ్లని విడివిడిగా అడగండి. ఎంత దూరం, ఎంత వెలుగు, ఎంతసేపు... ఈ మూడూ రాసుకోండి. ముద్ర పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, కొలత తెలుస్తుంది. దాన్ని తొక్కకుండా గంప బోర్లించి అటవీశాఖకి కబురు చేయండి. కంచెకి అంటుకున్న వెంట్రుకని పారేయొద్దు. ఏ జంతువుదో డీఎన్ఏ ద్వారా తేల్చే ప్రయోగశాల ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌లోనే ఉంది.

భయపడటం తప్పేం కాదు. ఆ భయాన్ని పక్క ఊరికి పంపేముందు పొద్దున్నే వెళ్లి ఒక్కసారి పాదముద్ర చూసి రండి. ఓ ప్రాణం నిలబడొచ్చు!