సగటు లెక్కల చాటున శివారు గోస

రెండు జొన్నరొట్టెలు, ఇద్దరు మనుషులు. ఒకడే రెండూ తిన్నా, తలా ఒకటి తిన్నట్టు రాసేదే సగటు లెక్క. ఈ లెక్కతోనే మనల్ని ఏళ్ళ తరబడి బుకాయించారు. 'హైదరాబాద్ ఉండగా తెలంగాణ వెనుకబడిందని ఎట్లా అంటారు?' అని సమైక్యవాదులు అడిగారు. 'హైదరాబాద్‌ను పక్కన పెట్టి లెక్క తీయండి' అని మనం జవాబిచ్చాం. సోషలిస్టు పాలన నుంచి బయటపడ్డ హంగేరీ, పోలండ్ దేశాల్లోనూ ఇదే పంచాయితీ నడిచింది. అక్కడ చివరికి లెక్క మార్చక తప్పలేదు.

ముందు హంగేరీ సంగతి. రాజధాని బుడాపెస్ట్ చుట్టూ వడ్డాణంలా ఉన్న జిల్లా పేరు పెస్ట్. 1990లో వచ్చిన చట్టం ప్రతి ఊరికీ సొంత స్థానిక ప్రభుత్వాన్ని ఇచ్చింది. సహకార క్షేత్రాల భూములు వ్యక్తుల పరమయ్యాయి. ఊళ్ళు పొలాలను ప్లాట్లు చేశాయి. నగర జనం శివార్లకు తరలారు. 1990లో 20 లక్షలు దాటి ఉన్న బుడాపెస్ట్ జనాభా 2001 నాటికి 18 లక్షల లోపుకు పడిపోయింది. అదే కాలంలో పెస్ట్ జనాభా 9.5 లక్షల నుంచి దాదాపు 10.8 లక్షలకు పెరిగింది.

మరి అభివృద్ధి అందరికీ దక్కిందా? లేదు. హంగేరీలో స్థానిక వ్యాపార పన్ను ఏ ఊరిలో వ్యాపారం ఉంటే ఆ ఊరికే పోతుంది. రహదారులు కలిసే చోట ఉన్న బుడాఓర్ష్ లాంటి పట్టణానికి దుకాణ సముదాయాలు, కంపెనీలు వచ్చాయి, ఖజానా నిండింది. పక్క ఊళ్ళకు మాత్రం రాత్రి నిద్రకు వచ్చే జనమే మిగిలారు. బడులు, మురుగు కాల్వలు, రోడ్ల ఖర్చు వాళ్ళ నెత్తిన, పని, పన్ను నగరంలో. జిల్లా కొసన ఉన్న పల్లెలకు అదీ లేదు.

2004లో హంగేరీ, పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. తలసరి ఆదాయం యూనియన్ సగటులో 75 శాతం కన్నా తక్కువ ఉన్న ప్రాంతాలకు ఎక్కువ సాయం అందాలన్నది అక్కడి నియమం. కానీ బుడాపెస్ట్‌నూ పెస్ట్‌నూ కలిపి ఒకే ప్రాంతంగా లెక్కగట్టారు. నగరం సంపదతో సగటు పైకి లేచింది. దాంతో 2014-20 కాలంలో పేద పల్లెలున్న పెస్ట్ కూడా 'బాగా ఎదిగిన ప్రాంతం' జాబితాలో పడి పెద్ద సాయానికి దూరమైంది. పోలండ్‌లో వార్సా నీడన ఉన్న మజోవియాదీ ఇదే గతి. ఫ్యాక్టరీలు మూతబడి నిరుద్యోగంతో నలిగిన రాదొమ్ పట్టణం కూడా కాగితం మీద ధనిక ప్రాంతమే!

చివరికి 2018లో రెండు చోట్లా గణాంక ప్రాంతాలను విడదీశారు. 2021తో మొదలైన నిధుల కాలంలో పెస్ట్, వార్సా వెలుపలి మజోవియా వెనుకబడిన ప్రాంతాలుగా గుర్తింపు పొందాయి. అన్యాయం కళ్ళకు కనబడాలంటే ముందు లెక్క విడిగా తీయాలి. ఇది మొదటి పాఠం.

అయితే లెక్క విడిపోతే అధికారం వచ్చినట్టు కాదు. ఇది రెండో పాఠం. 1999 దాకా రాదొమ్ తానే ఒక రాష్ట్ర కేంద్రం. ఆ ఏడాది 49 రాష్ట్రాలను 16 చేసినప్పుడు ఆ హోదా పోయింది. గణాంకాలు విడిపోయినా మజోవియా పాలన వార్సా నుంచే సాగుతోంది. పెస్ట్ జిల్లా కార్యాలయం సైతం తన గడ్డ మీద లేదు, బుడాపెస్ట్‌లో ఉంది.

ఈ మాట వింటే మనకు రంగారెడ్డి జిల్లా గుర్తుకు రాదా? 1978లో ఏర్పడ్డ ఆ జిల్లా కలెక్టరేట్ 2022 దాకా హైదరాబాద్ లక్డీకాపూల్‌లోనే నడిచింది. తాండూరు రైతు పట్టా కోసం నగరం దాకా బస్సెక్కాడు. 2016లో జిల్లాను మూడు చేశాక అసలు బొమ్మ బయటపడింది. తలసరి ఆదాయంలో రంగారెడ్డి రాష్ట్రంలోనే ముందు వరసలో, వికారాబాద్ అడుగు వరసలో నిలిచాయి. అన్నేళ్ళూ ఒకటి మరొకదాని పేదరికాన్ని కప్పిపెట్టింది.

నగరం లేకుంటే శివారుకు కూడెక్కడిదని కొందరంటారు. నగరం పనిస్తున్న మాట నిజమే. కానీ ఆ నగరానికి భూమి, నీళ్ళు, కూలీలను ఇచ్చింది ఎవరు? ఇచ్చినోళ్ళకు వాటా అడిగే హక్కు లేదా?

2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. సగటు లెక్కను తిట్టి గెలిచిన మనం, ఇవాళ అదే లెక్క చూపి రొమ్ము విరుచుకుంటే సిగ్గుచేటు. లెక్కలు రాసే ఉద్యోగ మిత్రులారా, మండలం వారీగా రాయండి. విద్యార్థులారా, ఔటర్ రింగురోడ్డు దాటి వెళ్ళి ఊళ్ళను చూడండి. ఆదాయం ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఖర్చవుతోంది అని పాలకులను నిలదీయండి.

ఎవరు పాలించినా మన ప్రశ్న ఒక్కటే: రెండో రొట్టె ఎవరు తిన్నారు?