ఊపిరి మనది – లాభం వారిది!



యాజమాన్యాలకు ఉన్నట్టుండి మన మనసు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కూలి పెంచమంటే "మార్కెట్టు బాగాలేదు" అని తలుపు వేసుకునే దొరలు, మన మనశ్శాంతి గురించి గంటల తరబడి చెప్పించడానికి బెంగుళూరు నుంచి కారు పెట్టి మనుషుల్ని పిలిపిస్తున్నారు. దీనికి ఒకచోట వ్యక్తిత్వ వికాస శిబిరం అని పేరు, ఇంకొకచోట ఒత్తిడి నివారణ తరగతి, మరొకచోట ఆత్మ సంరక్షణ. పేరేదైనా పాఠం ఒక్కటే. కళ్లు మూసుకోండి. ఊపిరి లోపలికి పీల్చండి, మెల్లగా వదలండి. కోపం మీ శత్రువు. పరిస్థితి మారదు, దాన్ని చూసే మీ దృష్టి మారాలి. మీ బాధకు కారణం మీ ఆలోచనే.

ఈ చివరి మాట దగ్గరే మన యూనియన్‌కు పేచీ. మిగతావాటితో తగాదా లేదు.

మనకు ఒత్తిడి లేదని ఎవరూ అనరు. తెల్లవారకముందే లేచి, పొయ్యి వెలిగించి, పిల్లలకు సంగటి చేసి పెట్టి, కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే ఆడమనిషికి ఒత్తిడి అంటే ఏమిటో శిబిరం పెట్టి చెప్పనక్కరలేదు. గంటగంటకూ బోర్డు మీద రాసే టార్గెట్, నీళ్లకు పోయినా లెక్క, మూత్రానికి పోయినా లెక్క, పది మంది ఎదుట సూపర్వైజరు నోటి దురుసు – ఇవి ఆలోచనలు కావు. కళ్లు మూసుకుంటే మాయమయ్యేవీ కావు. కళ్లు తెరిచేసరికి బోర్డు అక్కడే ఉంటుంది.

ఊపిరి సంగతే చూడండి. నూలు మిల్లుల్లో బ్లో రూములో, కార్డింగులో పనిచేసేవాళ్లు రోజూ పీల్చేది దూది ధూళి. వారం సెలవు తరువాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగుసుకుపోవడం, దగ్గు, ఆయాసం – దీనికి వైద్యశాస్త్రం పెట్టిన పేరు బిస్సినోసిస్. ఏళ్ల తరబడి అదే గాలి పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమూ, ఇ.ఎస్.ఐ. చట్టమూ దీన్ని పని వల్ల వచ్చే జబ్బుగా తమ పట్టికల్లో రాసుకున్నాయి. అంటే ఇది మన కర్మ కాదు, మన ఆలోచన కాదు, మిల్లు పెట్టిన జబ్బు. దీనికి మందు ధూళిని లాగేసే యంత్రం, ముక్కుకు సరైన మాస్కు, ఏడాదికొకసారి ఊపిరితిత్తుల పరీక్ష. వీటికి డబ్బు కావాలి. "గాఢంగా ఊపిరి పీల్చండి" అనడానికి డబ్బు అక్కరలేదు. దూది ధూళి నిండిన మిల్లులో గాఢంగా పీల్చమనడం ఎంత పెద్ద వెటకారమో ఆలోచించండి! శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టు రీలింగ్‌లో మరిగే నీళ్లలో చేతులు పెట్టి పట్టుపోగు తీసే అక్కచెల్లెళ్ల గతీ ఇదే. పగిలిన వేళ్లకు ధ్యానం మందు కాదు.

"యూనియన్‌వాళ్లకు ప్రతిదీ కుట్రగానే కనిపిస్తుంది, మంచి మాట నేర్పితే తప్పేమిటి?" అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా నోటి మాట వద్దు, పరిశోధకుల లెక్కతోనే జవాబు చెప్పుకుందాం.

అమెరికా దుస్తుల కంపెనీ గ్యాప్ 2007లో గార్మెంట్ కార్మికురాళ్ల కోసం "పేస్" అనే వికాస కార్యక్రమం మొదలుపెట్టింది. బెదరకుండా మాట్లాడడం, సమయం సర్దుకోవడం, డబ్బు సర్దుకోవడం, ఒత్తిడి తట్టుకోవడం, ఆరోగ్యం – ఇవి పాఠాలు. షాహి ఎక్స్‌పోర్ట్స్ వారి బెంగుళూరు ప్రాంతపు 5 ఫ్యాక్టరీల్లో ఈ శిక్షణ ఫలితం ఏమిటో అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ న్యాషధమ్ అనే ఆర్థికవేత్తలు కొలిచారు. చీటీలు తీసినట్టు కొందరికి శిక్షణ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూశారు. 2023లో పేరున్న ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో అది అచ్చయింది. ఏం తేలింది?

శిక్షణ పొందిన ఆడవాళ్ల పని పది శాతానికి పైగా పెరిగింది. వాళ్ల జీతం పెరిగింది అర శాతం! కంపెనీ పెట్టిన ఖర్చు మీద, శిక్షణ ముగిసిన 8 నెలలకే, నికరంగా రెండున్నర రెట్లకు పైగా లాభం వచ్చింది.

మళ్లీ చదవండి. ఇది యూనియన్ కరపత్రంలోని లెక్క కాదు, ఆర్థికవేత్తల లెక్క. ఆ ఆడవాళ్లకు మేలు జరగలేదని మేము అనడం లేదు. వాళ్లకు మాటలో ధైర్యం వచ్చింది, పనిలో నేర్పు పెరిగింది. అది వాళ్ల సొత్తు, ఎవరూ గుంజుకోలేరు. కానీ ఆ ధైర్యం నుంచి, ఆ నేర్పు నుంచి పుట్టిన సొమ్ము ఎవరి పెట్టెలోకి పోయింది? నూరు రూపాయల జీతానికి అర్ధ రూపాయి కలిపి, మిగతాది యాజమాన్యం జేబులో వేసుకుంది. వికాసం మన వ్యక్తిత్వానిదట, లాభానిదైతే వారిది!

ఈ విద్య కొత్తదీ కాదు. అమెరికాలో చికాగో దగ్గర హాథార్న్‌లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ 1924 నుంచి 1932 దాకా కార్మికుల మీద ప్రయోగాలు చేశారు. 1936లో అదే ఫ్యాక్టరీలో కార్మికుల కష్టసుఖాలు వినడానికి సలహాదారులను పెట్టారు. వాళ్ల పని వినడమే, సరిదిద్దే అధికారం లేదు. ఫోర్‌మన్ తిడుతున్నాడని చెప్పుకుంటే ఓపికగా విని, చెప్పినవాడి మనసు తేలికపరిచి పంపేవారు. ఫోర్‌మన్ మాత్రం తన చోటనే ఉండేవాడు. మనకు ఈనాడు వచ్చిన శిబిరానికి తాత ఆ సలహాదారుడే.

పోనీ, దీనివల్ల మనసైనా బాగుపడుతుందా? ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల జవాబులు పరిశీలించి 2024లో ఫలితం ప్రకటించాడు. ఒత్తిడి తట్టుకునే తరగతులకూ ధ్యాన తరగతులకూ పోయినవాళ్లు, పోనివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం గురించి ఇచ్చిన సూచనల్లోనూ పని భారం, పని గంటలు, పెత్తనం చేసే తీరు సరిదిద్దాలనే మాట ఉంది. ఆ పేజీ మాత్రం మన శిబిరాల్లో ఎవరూ చదివి వినిపించరు.

పై నుంచి కింద దాకా అదే పాట. 2024లో పూణేలో ఒక పెద్ద ఆడిటు కంపెనీలో 26 ఏళ్ల ఉద్యోగిని చనిపోతే, పని భారమే పొట్టన పెట్టుకుందని తల్లి రోదించింది. దేశ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఏమన్నారు? ఒత్తిడి తట్టుకునే అంతర్బలం పిల్లలకు ఇంట్లో నేర్పాలని, దైవచింతన వల్ల ఆ బలం వస్తుందని! ఏసీ గదిలో లెక్కలు రాసే చదువుకున్న బిడ్డకే ఈ జవాబైతే, మిల్లులో దారం అతికే మనకు ఇంకేం జవాబు దొరుకుతుంది? అంతకు ముందు ఏడాదే, 2023లో, కర్ణాటక శాసనసభ రోజుకు 12 గంటల పనికి దారి తెరుస్తూ, మూడు నెలల్లో ఓవర్‌టైం హద్దును 75 గంటల నుంచి 144కు పెంచుతూ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించింది. ఒక చేత్తో పని గంటలు పెంచడం, రెండో చేత్తో ధ్యానం చాప పరచడం!

ఈ మాటలు హొసూరులో చెప్పుకోవడానికి ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. ఈ గౌరిబిదనూరు తాలూకా హొసూరులోనే 1920లో హెచ్. నరసింహయ్యగారు పేద ఇంట పుట్టారు. చదువు కోసం ఇక్కడి నుంచి బెంగుళూరుకు కాలినడకన పోయారు. ఫిజిక్స్ ప్రొఫెసరై, బెంగుళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరయ్యారు. 1976లో మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరీక్షించడానికి కమిటీ వేశారు. పుట్టపర్తి సాయిబాబాను మహిమలు చూపమని ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు. 2005లో కన్నుమూసేదాకా ఆయన చెప్పింది ఒక్కటే: ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దు. మన ఊరి పెద్దాయన అంత పెద్ద స్వామివారినే అడిగినప్పుడు, మనం ఈ శిబిరం గురువును నాలుగు ప్రశ్నలు అడగలేమా? అయ్యా, మీకు ఫీజు ఎవరిస్తున్నారు? మీ తరగతి అయిన తరువాత టార్గెట్ తగ్గుతుందా, పెరుగుతుందా? ఇక్కడ మేము ఏడ్చి చెప్పుకున్న ఇంటి గుట్టు మేనేజరు చెవిన పడదని రాసిస్తారా? ఈ గంటకు కూలి ఉందా, లేక మా ఆదివారం తినేస్తున్నారా?

అపార్థం వద్దు. యోగా చేసేవాళ్లు చేసుకోండి, గుడికి పోయేవాళ్లు పోండి. అది మీ ఇష్టం, యూనియన్ అడ్డు రాదు. మనసుకు జబ్బు రావడం సిగ్గుపడే సంగతీ కాదు. నిద్ర పట్టకపోతే, బ్రతుకు మీద విరక్తి కలిగితే డాక్టరును చూడండి. బెంగుళూరులో నిమ్‌హాన్స్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్‌వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. కానీ ఆ డాక్టరు మన డాక్టరుగా ఉండాలి, యాజమాన్యం గూఢచారిగా కాదు.

అసలైన అంతర్బలం ఎక్కడ దొరుకుతుందో 2016లో చూశాం. పి.ఎఫ్.లో యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోరాదని కేంద్రం ఆ ఏడాది నిబంధన తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగుళూరు గార్మెంట్ ఆడవాళ్లు వేల సంఖ్యలో రోడ్ల మీదికి వచ్చారు. తమిళనాడు హోసూరుకు పోయే రోడ్డు, తుముకూరు రోడ్డు స్తంభించాయి. రెండో రోజుకే ఢిల్లీ సర్కారు దిగివచ్చి నిబంధన వెనక్కు తీసుకుంది. వాళ్లకు ఆ ధైర్యం ఏ గురువూ నేర్పలేదు. "కోపం మీ శత్రువు" అని ఆ రోజు వాళ్లు నమ్మి ఉంటే, పి.ఎఫ్. డబ్బు ఈనాటికీ గుమ్మం అవతలే ఉండేది.

అందుచేత మన కోర్కెలు ఇవి:

1. శిబిరానికి రావడం, రాకపోవడం కార్మికుల ఇష్టం. రానివారి మీద ఏ చర్యా ఉండరాదు. వచ్చిన గంటలకు పూర్తి కూలి ఇవ్వాలి.

2. శిబిరంలో చెప్పుకున్న మాటలు యాజమాన్యానికి చేర్చరాదు. ఈ మేరకు రాతపూర్వక హామీ కావాలి.

3. పని పెరిగితే ఆ మేరకు కూలి పెరగాలి. అర శాతం భిక్ష వద్దు.

4. ధూళి లాగే యంత్రాలు, మాస్కులు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష. జబ్బు తేలినవారికి ఇ.ఎస్.ఐ. పరిహారం ఇప్పించాలి.

5. పిల్లల గది, క్యాంటీను, విశ్రాంతి గది, కూర్చునే వసతి. ఇవి 1948 చట్టంలో ఉన్నవే, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉన్నవే. ఓవర్‌టైంకు రెట్టింపు కూలి.

6. నోరు పారేసుకునే సూపర్వైజర్లకు ముందు శిబిరం పెట్టండి. ఆత్మ సంస్కారం అవసరం వాళ్లకే ఎక్కువ.

అక్కలారా, అన్నలారా! ఈసారి శిబిరంలో కళ్లు మూసుకోమన్నప్పుడు, కళ్లు తెరిచి పక్కనున్న మనిషిని చూడండి. ఆమెకూ అదే నడుం నొప్పి, అదే అప్పు, అదే టార్గెట్. ఒకే బాధ ఇంత మందికి ఉన్నప్పుడు అది ఒకరి మనసులోని లోపం ఎట్లా అవుతుంది? ఆ మాట ఆమెతో మాట్లాడండి. ఈ కోర్కెల పత్రం మీద ఇద్దరూ కలిసి సంతకం పెట్టండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!