ఇస్నాపూర్ మెట్ల మీద ఎరాంగెల్ దీవి

పాశమైలారంలో సెకండ్ షిఫ్ట్ రాత్రి పదింటికి దిగుతుంది. పదకొండు దాటేసరికి ఇస్నాపూర్‌లో మేముండే వరస గదుల మెట్ల మీద నలుగురైదుగురు చేరతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతుల్లో అడ్డంగా ఫోన్లు. "అన్నా, జోన్ వస్తుంది, ఉరుకు" అని ఒకరు. "భయ్యా, నాక్ హో గయా, రివైవ్ దో" అని ఇంకొకరు. లోపల అన్నం గిన్నె మీద మూత అలాగే ఉంటుంది. నేనూ ఆ మెట్ల మీద చాలా రాత్రులు ఆడాను. అందుకే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను, మా నోట్లో బీజీఎంఐని, తిట్టే పెద్దవాళ్ల మాటా పొగిడే కుర్రాళ్ల మాటా పూర్తిగా ఒప్పుకోలేను.

ముందు ఆట పనితనం చూద్దాం. కెమెరా మన సైనికుడి వీపు వెనక నుంచి చూస్తుంది. ఆడేవాళ్లు దీన్ని టీపీపీ అంటారు. సైనికుడి కళ్లతోనే చూసే ఎఫ్‌పీపీ కూడా ఉంది కానీ, మా మెట్ల మీద దాన్ని ఎంచుకున్నవాణ్ని నేను చూడలేదు. చేతిలో ఇమిడే తెర మీద చుట్టుపక్కల చూపు కావాలి మరి. మన మనిషి గోడకు ఎంత దగ్గరగా నిలబడ్డాడు, గడ్డిలో పూర్తిగా పడుకున్నాడా, తోటివాడు ఎటు ఉరికాడు, ఇవన్నీ టీపీపీలో ఒక్క చూపుకే తెలుస్తాయి. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది పెద్ద ఆసరా.

అదే కెమెరా ఆటను చెడగొడుతుంది కూడా. గోడ వెనక దాక్కున్నవాడు తల బయట పెట్టనక్కర్లేదు. తెర మీద కన్ను గుర్తు పట్టుకుని తిప్పితే, గోడ అంచు దాటి రోడ్డంతా కనిపిస్తుంది. రోడ్డు మీద వచ్చేవాడికి మాత్రం గోడ తప్ప ఏమీ కనిపించదు. ఆటలోని పొచింకి ఊళ్లో ఒక ఇంటి మెట్ల పైన ఎవడైనా ఇలా కాచుకుని ఉంటే, ధైర్యం చేసి లోపలికెళ్లిన నలుగురూ ఒకరి వెనక ఒకరు పోతారు. మిలిటరీ బేస్ దీవి నుంచి వచ్చే వంతెనల మీదా ఇదే తంతు. నా దృష్టిలో ఆటలోని అతి పెద్ద లోపం ఇదే: కదిలేవాడికి శిక్ష, కదలనివాడికి లాభం. బయట ఉన్నవాడి ప్రాణం తీసే నీలి వలయం (అదే జోన్) కుంచించుకుంటూ వచ్చి దాక్కున్నవాణ్ని కూడా బయటికి లాగుతుంది కాబట్టి ఈ లోపం సగం మాత్రమే మనల్ని బాధిస్తుంది. చివరి వలయంలో మళ్లీ మంచి చెట్టు దొరికినవాడిదే పైచేయి.

ఇంత లోపం ఉన్నా జనం ఎందుకు వదలరు? ఆట జరిగే ఎరాంగెల్ దీవి మ్యాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. విమానంలోంచి 100 మంది దూకుతారు, అందరూ ఖాళీ చేతులతో. తుపాకీ, హెల్మెట్, మందు అన్నీ దిగాక వెతుక్కోవాల్సిందే. మా పని చోట పర్మనెంటా కాంట్రాక్టా అన్నదాన్ని బట్టి మాట్లాడే తీరు మారిపోతుంది. ఆ దీవిలో దిగేటప్పుడు ఆ తేడా లేదు. మా స్క్వాడ్‌లో నారాయణఖేడ్ తమ్ముడు ఒకడు, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు. పగలంతా "చలో", "రుకో" తప్ప వాళ్లతో నాకు మాటల్లేవు. ఆట మొదలయ్యాకే పేర్లు తెలిశాయి, తర్వాత ఊళ్లు, అమ్మానాన్నల సంగతులు. పడిపోయినవాణ్ని మనమే వెళ్లి లేపాలి, వదిలేసి పోతే ముగ్గురమే మిగులుతాం. ఈ ఒక్క నియమం మా మధ్య చేసిన పని చిన్నది కాదు. ఇంటికి దూరంగా, పది అడుగుల గదిలో బతికేవాడికి అది ఎంత అవసరమో ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు సమయంతో. ఎరాంగెల్‌లో చివరిదాకా నిలబడితే దాదాపు అరగంట. మధ్యలో ఆపడానికి వీల్లేదు, ఎందుకంటే అవతల నిజం మనుషులున్నారు. 2020లో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ తెచ్చిన 'రాజీ' కూడా మన మనిషిని బయటి నుంచి చూస్తూ ఆడే యుద్ధపు ఆటే. అందులో అమ్మ ఫోన్ చేస్తే ఆపి మాట్లాడి మళ్లీ ఆడొచ్చు. ఇక్కడ ఫోన్ ఎత్తితే ముగ్గురు స్నేహితులను నట్టేట వదిలినట్టే. పైగా ఓడినవాడు ఊరుకోడు, "ఇంకొక్కటి" అంటాడు. గెలిచినవాడూ అదే అంటాడు.

ఒకసారి నైట్ షిఫ్ట్‌కు ముందు మధ్యాహ్నమంతా ఆడి డ్యూటీ ఎక్కాను. తెల్లవారుజామున స్టీమ్ లైను పక్కన నిలబడే కునుకు తీశాను. పక్కనున్న పెద్దాయన భుజం తట్టి లేపాడు. తప్పు నాదే. కానీ ఆ రాత్రి ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది.

2023లో ఈ ఆటకు ఉన్న కాలపరిమితి ఇది: పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దవాళ్లకు ఆరు. పిల్లల పరిమితి మంచిదే. పెద్దవాళ్ల ఆరు గంటలకు లెక్క వేయండి. ఎనిమిది గంటల షిఫ్ట్ తీసేస్తే మిగిలేది పదహారు. అందులో ఆరు ఆటకు పోతే పది. రాకపోకలు, వంట, బట్టలు ఉతకడం, నిద్ర అన్నీ ఆ పదిలోనే. ఓవర్‌టైం చేసి పన్నెండు గంటలు నిలబడేవాడికి మిగిలేది ఆరే. ఆ పరిమితి మా బతుకుకు సరిపోయే లెక్క కాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. యూసీ అనే ఆటలోని డబ్బు కొనకపోయినా ఆడొచ్చు, రంగురంగుల చొక్కా వేసుకున్నంత మాత్రాన తూటా దెబ్బ పెరగదు. ఇది మెచ్చుకోవాల్సిన నిజాయితీ. కానీ పెట్టెలు తెరిచి అదృష్టం చూసుకునే పద్ధతి నాకు నచ్చదు. ఏం కొంటున్నామో తెలియకుండా డబ్బు కట్టడం అది.

నిషేధం ఈ ఆట అలవాటుకు మందు కాదని మేం కళ్లారా చూశాం. 2020 సెప్టెంబర్‌లో ఈ ఆటను, అప్పటి పేరు పబ్జీ, మరో 117 యాప్‌లతో కలిపి కేంద్రం ఆపేసింది. మా మెట్ల మీద కుర్రాళ్లు ఫ్రీ ఫైర్ అనే మరో ఆటకు మారారు. 2021 జులైలో ఇదే ఆట కొత్త పేరుతో వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. మెట్లు మాత్రం ఎప్పుడూ ఖాళీ కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే. అయితే ఆట వల్ల మిగతా బతుకు దెబ్బతిని, ఆ తీరు మామూలుగా ఏడాదిపాటు సాగితేనే ఆ పేరు పెట్టాలని కూడా ఆ సంస్థే చెప్పింది. ఆడే ప్రతివాణ్నీ రోగి అనడం అన్యాయం.

నా తీర్పు ఇది. స్నేహం కలపడంలో ఇంత మంచి ఫోన్ ఆటను నేను చూడలేదు, షిఫ్టు మనిషి నిద్రను తినడంలోనూ దీన్ని మించినదాన్ని చూడలేదు. ఆడాలనుంటే లివిక్ ఉంది: రెండు కిలోమీటర్ల మ్యాపు, 52 మంది, పావుగంటలో అయిపోతుంది. మా స్క్వాడ్ ఇప్పుడు అదే ఆడుతోంది, అన్నం తిన్నాక, రెండే రెండు సార్లు. నైట్ షిఫ్ట్ పడిన వారం మాత్రం ఎరాంగెల్ జోలికి పోకండి తమ్మీ, మధ్యాహ్నం పడుకోండి.